అమ్మ ఎవరి పేషెంటు

డేటన్, ఒహాయో
21 ఆగస్టు 1983

నెల్డాకి,

నీ ఉత్తరం శుక్రవారం అందింది. డ్యూటీ దిగి వచ్చి, బూట్లయినా విప్పకుండా గుమ్మంలోనే నిలబడి చదివాను. కమ్యూనిటీ కాలేజీలో నర్సింగు సీటు వచ్చిందన్నావు. సంతోషం. రెండోసారి చదివాను, ఇంకాస్త సంతోషం వేసింది.

నీకు చదువంటే ఇంత మోజని ఇన్నాళ్ళూ తెలీదు. బడికి ఎగనామం పెట్టి వాగులో రొయ్యలు పట్టిన పిల్లవి. మీ ఆయన గార్లండ్ పనిచేసే బొగ్గు గని మూతపడకపోతే నీకీ ఆలోచన వచ్చేదా అని అడగాలనిపించింది కానీ, అడగనులే.

ఒక్క మాట చెప్పనీ. ఇక్కడి వార్డులో నేను ప్రాక్టికల్ నర్సుని. ఇరవై ఏళ్ళుగా ఒళ్ళు తుడిచేదీ, కట్లు కట్టేదీ, ముసలాళ్ళ చేత తిట్లు తినేదీ నేను. రిజిస్టర్డ్ నర్సు వచ్చి, నేను చేసినదాని కింద సంతకం పెట్టి వెళ్తుంది. రెండేళ్ళు చదివి, బోర్డు పరీక్ష రాసి, నువ్వు ఆ సంతకం పెట్టే మనిషివి అవుతావు. నా చెల్లెలు నా పై అధికారి కాబోతోందని వార్డులో చెబితే అందరూ నవ్వారు. నేనూ నవ్వాను.

ఇంతకీ అమ్మ ఏమంది? మన లోయలో ఎవరికి జ్వరమొచ్చినా "మా ఆర్డిత్‌ని అడిగి చెబుతానుండండి" అంటుంది కదా. ఇకమీద ఎవర్ని అడుగుతుందో చూద్దాం.

మనిషిని లేపేటప్పుడు మోకాళ్ళు వంచు, నడుం వంచకు. కాలేజీలో ఈ మాట చెప్పినప్పుడు, ముందు అక్క చెప్పిందని గుర్తు చేసుకో.

మీ అక్క
ఆర్డిత్


సోర్‌వుడ్ లోయ, కెంటకీ
18 సెప్టెంబరు 1983

అక్కా,

ఆలస్యంగా రాస్తున్నందుకు తిట్టుకోకు. పొద్దున్నే గార్లండ్ ట్రక్కు తీసుకుని కొండ దాటి కాలేజీకి పోవడం, చీకటి పడ్డాక రావడం. ఎముకల పేర్లు గిన్నెలు తోముతూ వల్లె వేస్తున్నాను. నిన్న పిల్లాడికి బీన్స్ వడ్డిస్తూ మోచేతి ఎముక పేరు పైకే అనేశాను. వాడు గరిటె వైపు అనుమానంగా చూశాడు.

అమ్మ ఏమందని అడిగావు. సీటు వచ్చిందని చెప్పగానే "ఆర్డిత్‌కి తెలుసా?" అంది. అంతే. నీ అనుమతి లేకుండా నేను పాపం చేసినట్టు చూసింది.

పిల్లల్ని మా అత్తయ్య, గార్లండ్ వాళ్ళమ్మ చూసుకుంటోంది. నీకు ఓమా అత్తయ్య నోరు నచ్చదని తెలుసు. కానీ నేను వచ్చేసరికి ఇద్దరికీ స్నానాలయి, మొక్కజొన్న రొట్టె తిని, నిద్రకి జోగుతూ ఉంటారు. ఆమె లేకపోతే నేను ఈ చదువు వారం రోజులు కూడా చదవలేను.

పోయిన శనివారం బీపీ చూసే పరికరం ఇంటికి తెచ్చాను, ఎవరి చేతికైనా చుట్టి నేర్చుకురమ్మన్నారు. ముందు అమ్మ దగ్గరికే వెళ్ళాను. అమ్మ చెయ్యి శాలువాలోకి లాక్కుంది. "నాకొద్దే. నా నర్సు ఒహాయోలో ఉంది" అంది. నా ఒళ్ళు మండిపోయింది అక్కా. దాచడం దేనికి, నీ మీదే మండింది. ఒక్కదానివీ అంత దూరంలో ఉంటావు, మూడేళ్ళకోసారి వస్తావు, వచ్చినప్పుడు అమ్మ నీ కోసం కోడిని కోస్తుంది. రోజూ మందు బిళ్ళ చేతిలో పెట్టేది నేను. నర్సు మాత్రం నువ్వు.

అత్తయ్య అది విని గౌను చేతులు రెండూ పైకి మడిచి కూర్చుంది. "ఏది కావాలో అది చూసుకో. రెండూ నావే" అంది.

గని మూతపడ్డాక మా ఫోను తీసేశారు, నీకు తెలుసుగా. అమ్మ నీకు ఫోన్ చెయ్యడానికి కింద కొట్టు దాకా నడిచి వెళ్తోంది. చక్కెర జబ్బు మనిషి, ఆ గతుకుల దారిలో. ఇంట్లో ఉన్న నాతో చెప్పనిది నీకేం చెబుతుందో మరి.

అన్నట్టు నువ్వూ అక్కడి కాలేజీలో చేరొచ్చుగా. ఇన్నేళ్ళ అనుభవం, నీకదెంత పని.

నీ చెల్లెలు
నెల్డా


డేటన్
2 అక్టోబరు 1983

నెల్డాకి,

నాకు కాలేజీలో చేరే తీరిక లేదు. ఉద్యోగం చేసుకుంటున్నాను.

అమ్మ నాతో ఏం మాట్లాడుతుందో అడిగావు. నాతో మాట్లాడేవి మాట్లాడుతుంది. పెద్ద కూతురికి చెప్పుకునేవి కొన్ని ఉంటాయి. నీకు పరికరం దొరికింది కదా అని ఇంట్లో మనుషులందరూ చేతులు చాచాలంటే ఎలా? అమ్మకి బీపీ చూడ్డం నేర్చుకోవడానికి పనికొచ్చే చెయ్యిలా ఉండటం ఇష్టం లేదు. అది నాకు అర్థమైంది, నీకు కాలేదు.

మీ అత్తగారి సంగతి మాత్రం బాగుంది. పెళ్ళిలో కూడా ఆవిడే ముందు వరసలో కూర్చుంది, అమ్మని రెండో వరసలోకి తోసి. నేను మర్చిపోలేదు.

ఇక్కడ చలి మొదలైంది. పై వాటావాళ్ళు పొద్దస్తమానం రేడియో పెడతారు. వార్డులో ఇద్దరు ప్రాక్టికల్ నర్సుల్ని మానిపించి రిజిస్టర్డ్ వాళ్ళని తీసుకున్నారు. నన్ను ఉంచారు. ఎన్నాళ్ళో తెలీదు. ఇది నీ చదువు మీద విసురు కాదు, ఊరికే వార్త.

పిల్లలకి ముద్దులు.

ఆర్డిత్


సోర్‌వుడ్ లోయ
26 ఫిబ్రవరి 1984

అక్కా,

మొదటి టర్ము గట్టెక్కాను. నీకు క్రిస్మస్ కార్డు తప్ప ఏమీ పంపలేదు, నువ్వూ అంతే. సరే, సరికి సరి.

ఈ నెల మాకో పరీక్ష జరిగింది. ఒక మనిషిని తీసుకెళ్ళి, తల నుంచి కాలి వేళ్ళ దాకా మా టీచరు ప్రేటర్ మేడమ్ ఎదుట పరిశీలించాలి. కళ్ళు, చెవులు, గుండె, పొట్ట, ఆఖరికి వేళ్ళ సందులు కూడా. ఎవరి మనిషిని వాళ్ళు తెచ్చుకోవాలి. నేను అమ్మనే అడిగాను. నమ్ము, మొదట అమ్మనే అడిగాను. "పదిమందిలో నా పొట్ట నొక్కుతావా?" అంది. మళ్ళీ అడగలేదు. అత్తయ్యని అడిగాను, ఆదివారం చర్చికి వేసుకునే గౌను వేసుకుని వచ్చింది.

ఆ పూట నవ్వలేక చచ్చాను. గుండె మీద స్టెతస్కోపు పెట్టి వింటూంటే, "ఏమైనా వినిపిస్తోందా, లోపల ఎవరూ లేరా?" అంది. కఠినంగా ఉండే ప్రేటర్ మేడమ్ కూడా గోడ వైపు తిరిగి నవ్వుకుంది. కాళ్ళ దగ్గరికొచ్చేసరికి అత్తయ్య మేజోళ్ళు తనే విప్పి, కాళ్ళు నా ఒళ్ళో పెట్టింది. నేను ఒక్కటీ వదలకుండా చూశాను. క్లాసులో మంచి మార్కు నాదే.

మర్నాడు నేను ఇంటికొచ్చేసరికి అమ్మ పొయ్యి దగ్గర మూతి ముడుచుకుని కూర్చుంది.

"దాని కాళ్ళు పట్టుకున్నావట" అంది.

"పరీక్షమ్మా. పాదాలు చూడకపోతే ఫెయిలు చేస్తారు."

"నువ్వు పుట్టినప్పుడు నీ కాళ్ళు నేను చూశాను. నా కాళ్ళు నువ్వు చూడక్కర్లేదు" అంది.

నేనెప్పుడు చూస్తానన్నాను అక్కా? ఇప్పుడు చర్చిలో అందరికీ "నా కూతురు నన్ను అడగనైనా లేదు" అని చెబుతోంది. అడిగాను. నువ్వైనా నమ్ము.

నెల్డా


డేటన్
11 మార్చి 1984

నెల్డాకి,

నమ్ముతున్నాను, అడిగే ఉంటావు. ఒక్కసారి అడిగి ఉంటావు. అమ్మ మనం పుట్టాక దేనికైనా మొదటిసారి ఔనందా? నాన్న పెళ్ళాడతానంటే కూడా మూడుసార్లు తిప్పి పంపిందట. నువ్వు రెండోసారి అడగలేదంటే, ఓమా కోసం ముందే మనసులో చోటు ఉంచుకున్నావన్నమాట.

అమ్మ ఫోన్లో ఏడ్చింది. "దానికిప్పుడు ఇంకో తల్లి దొరికింది" అంది. నేను ఓదార్చాను. ఓదార్చడం నా పనే కదా ఎప్పుడూ. నీకు మంచి మార్కొచ్చింది, మీ అత్తగారికి మంచి పేరొచ్చింది, అమ్మకి ఏమొచ్చిందో నువ్వే ఆలోచించు.

నేను నా పేషెంట్ల పాదాలు రోజూ చూస్తాను. ఎవరూ మార్కులు వెయ్యరు.

ఆర్డిత్


సోర్‌వుడ్ లోయ
24 జూన్ 1984

అక్కా,

నీ మార్చి ఉత్తరానికి జవాబు రాయకూడదనే అనుకున్నాను. కానీ ఇవాళ చర్చిలో జరిగింది నీకు కాకపోతే ఇంకెవరికి చెప్పను.

ఇవాళ కాళ్ళు కడిగే ఆదివారం. నువ్వు ఊళ్ళో లేక ఎన్నేళ్ళయినా నీకు గుర్తుండే ఉంటుంది. ఆడవాళ్ళు ఒకపక్క, మగవాళ్ళు ఒకపక్క. నడుముకి తువ్వాలు కట్టుకుని ఒకరి కాళ్ళు ఒకరు కడగడం, కడిగినవాళ్ళూ కడిగించుకున్నవాళ్ళూ కలిసి ఏడవడం. నా పెళ్ళయిన ఏడాది నుంచీ అమ్మా, అత్తయ్యా జోడీ. ఏడాదంతా ఎంత పోట్లాడుకున్నా ఆ ఒక్క రోజు కన్నీళ్ళు పెట్టుకుని కావిలించుకునేవాళ్ళు. ఆ కావిలింత మీదే మా ఇల్లు మళ్ళీ ఏడాది దాకా నడిచేది.

ఇవాళ అత్తయ్య తువ్వాలు కట్టుకుని, నీళ్ళ బేసిను పట్టుకుని అమ్మ ముందు మోకాళ్ళ మీద కూర్చుంది. అమ్మ మేజోడు విప్పలేదు. కాళ్ళు బెంచీ కిందికి లాక్కుంది. అత్తయ్య "రా అమ్మా, మనసులో ఏవైనా ఉంటే ఈ నీళ్ళలో పోనీ" అంది, అందరికీ వినిపించేలా. అమ్మ లేచి వెనక బెంచీకి వెళ్ళిపోయింది. పాట పాడేవాళ్ళు పాట ఆపేశారు. అత్తయ్య అలాగే బేసిను ముందు కూర్చుండిపోయింది. చివరికి ఎవరో పెద్దావిడ జాలిపడి వచ్చి కాళ్ళు కడిగించుకుంది. దారి పొడుగునా అత్తయ్య ఏడుస్తూనే ఉంది.

ఇంట్లో మూతి ముడుచుకోవడం వేరు. దేవుడి ఎదుట కూడానా? అంత ఓర్వలేనితనమా? నేను అమ్మని నిలదీస్తే, "నా కాళ్ళు నా ఇష్టం" అని గదిలోకి పోయి తలుపేసుకుంది. ఫిబ్రవరిలో నేను అత్తయ్య పాదాలు చూసిన పాపానికి ఇంత శిక్ష. నీ మాటైతే వింటుంది. ఒక్కసారి చెప్పు. నీకు మనసొప్పితేనే.

నెల్డా


డేటన్
1 జూలై 1984

నెల్డాకి,

చదివాను. అయ్యో అనుకున్నాను అని రాస్తే అబద్ధమవుతుంది. మీ అత్తగారికి అప్పుడప్పుడూ ఎవరైనా కాదనడం ఆరోగ్యానికి మంచిది. ముందు వరసలో కూర్చునే మనిషి కాసేపు నేల మీద కూర్చుంది, అంతే కదా.

అమ్మకి చెప్పమంటావు. ఏం చెప్పను? అమ్మకుండే కారణాలు అమ్మకున్నాయి. ప్రతిదీ నీ మీద కోపం వల్లే జరగదు. ఏ నర్సుకి చెప్పుకోవాలో ఆ నర్సుకి చెప్పుకుంది, ఆ నర్సు చెప్పవలసింది చెప్పింది. నువ్వు నీ పుస్తకాలు చూసుకో.

ఇక్కడ ఎండలు మండిపోతున్నాయి. టమాటాలు కుండీలో రెండు కాశాయి, పచ్చిగా ఉండగానే వేయించుకు తినేశాను.

ఆర్డిత్


జిల్లా ఆస్పత్రి నుంచి
20 జూలై 1984

అక్కా,

టెలిగ్రాము అందే ఉంటుంది. అమ్మ బతికింది. ఎడమ కాలికి రెండు వేళ్ళు తీసేశారు, చివరివి. ఇంకో వారం ఆగి ఉంటే పాదం పోయేదట.

ఎలా తెలిసిందో చెబుతాను. మంగళవారం కాలేజీ నుంచి వచ్చి వంటింట్లోకి అడుగుపెట్టగానే వాసన వేసింది. ఈ నెలంతా పుండ్ల వార్డులో పనిచేశాను, ఆ వాసన నాకు తెలుసు. కుళ్ళిన కూరగాయలేమో అని బుట్ట వెతికాను, చూడు, బుట్ట వెతికాను. తర్వాత అమ్మ ముందు కూర్చుని మేజోడు లాగేశాను. కొట్టింది. అయినా లాగేశాను.

కొత్త బూటు కరిచిందట, మే నెలలో. చర్చిలో విప్పనిది అందుకే. అత్తయ్య చూస్తే నాకు చెప్పేస్తుందని. కాలు చూపించు అంటే "ఆర్డిత్‌కి చెప్పానే, అసలు నర్సుకి. ఉప్పు నీళ్ళలో పెట్టమంది" అంది. కాగే నీళ్ళలో పెట్టింది అక్కా. ఆ కాలికి స్పర్శ లేదు, కాలుతోందని తెలీలేదు. పొద్దునొకసారి, సాయంత్రమొకసారి, భక్తిగా పెట్టింది. నువ్వు చెప్పావు కదా మరి.

చక్కెర జబ్బు మనిషి కాలు నీళ్ళలో నానబెట్టకూడదని మాకు మొదటి ఏడే చెప్పారు. మీకు చెప్పలేదా?

"ఏ నర్సుకి చెప్పుకోవాలో ఆ నర్సుకి చెప్పుకుంది" అని రాశావు. ఆ ఉత్తరం సంచిలోనే ఉంది, ఆపరేషను గది బయట మళ్ళీ చదివాను. ఒక్క ముక్క రాస్తే నీ సొమ్మేం పోయేది? "అమ్మ కాలు చూడు" అని మూడు మాటలు.

నన్ను నేను కూడా తిట్టుకుంటున్నాను, నువ్వు ఆ శ్రమ పడక్కర్లేదు. ఒకే కప్పు కింద ఉన్నాను. కుంటుతుంటే అలిగి కుంటుతోందనుకున్నాను. బూట్లు విప్పకుండా పడుకుంటే మొండితనం అనుకున్నాను. ఈ ఇంట్లో నాకు అసూయ తప్ప ఇంకో జబ్బు కనబడటం మానేసింది.

నెల్డా


డేటన్
27 జూలై 1984

నెల్డా,

గోరువెచ్చని నీళ్ళు అన్నాను. గోరువెచ్చని అనే అన్నాను. అమ్మకి ఏదైనా కొంచెం చెబితే ఎక్కువ చేస్తుందని నాకు తెలుసు, నీకు తెలుసు. అయినా అన్నాను.

మాకూ చెప్పారు. వార్డులో వేరే మనిషికి ఎవరైనా అలా చెబితే నేనే కేకలేసేదాన్ని. కానీ నేను డ్యూటీ బ్రేకులో ఉండగా అమ్మ ఫోన్ చేసింది. "నెల్డాకి చెప్పకే, అది నన్ను వాళ్ళ కాలేజీకి తీసుకెళ్ళి అందరికీ చూపిస్తుంది" అంది. బూటు కరిచింది, అంతే అంది. నేను చూడలేదు, చూడకుండానే వైద్యం చెప్పాను. ఎందుకంటే నన్ను అడిగింది. నిన్ను కాదు. ఆ పూటంతా వార్డులో పాట పాడుకుంటూ తిరిగాను నెల్డా. ఇంతకంటే నిజం నా దగ్గర లేదు.

నీ కాళ్ళు కడిగే ఆదివారం ఉత్తరం చదివినప్పుడు ఒక్క క్షణం అనుమానం వచ్చింది. అమ్మ కాళ్ళు లాక్కుంది అని రాశావు కదా. ఆ అనుమానాన్ని పక్కకి నెట్టేశాను. అమ్మ మన పక్షాన నిలబడి ఓమాకి బుద్ధి చెప్పింది అనుకోవడమే బాగుంది నాకు.

నువ్వు అడిగినదానికి నిజం రాయలేదు, కాలేజీలో చేరమన్నావు ఒకసారి. ఇక్కడ సీట్లు తక్కువ, అర్హులందరి పేర్లూ వేసి చీటీలు తీస్తారు. రెండేళ్ళు వరసగా నా పేరు వేశాను. రెండేళ్ళూ రాలేదు. రెండోసారి రాలేదని తెలిసిన వారమే నీ ఉత్తరం వచ్చింది, సీటు వచ్చిందని. గుమ్మంలో నిలబడి చదివానని రాశాను. లోపలికి వెళ్ళడానికి కాళ్ళు రాలేదు.

అమ్మని నా దగ్గరికి పంపు. నీది ఆఖరి ఏడాది, పొద్దున్నే పోయి చీకటి పడ్డాక వస్తావు. కట్టు నేను కడతాను. అది నాకు చేతనవును.

ఆర్డిత్


సోర్‌వుడ్ లోయ
19 ఆగస్టు 1984

అక్కా,

అమ్మని గార్లండ్ ట్రక్కులో తీసుకొస్తున్నాడు, ఈ ఉత్తరం కూడా తనతోనే. డాక్టరు రాసిచ్చిన మందులు డబ్బాలో ఉన్నాయి. కట్టు పొడిగా కట్టాలి, వేళ్ళ మధ్య దూది పెట్టాలి, మడమ కింద దిండు. ఇవన్నీ నీకు తెలుసని తెలుసు. అయినా రాస్తున్నాను, మళ్ళీ ఎవరూ ఎవరికీ చెప్పలేదు అనుకోకూడదని.

నీ దగ్గరికి వెళ్తావా అని అడగ్గానే, మాట పూర్తికాక ముందే "ఎప్పుడు?" అంది. అమ్మ మొదటిసారే ఔనన్నది ఇదొక్కటే. నేను కోళ్ళకి గింజలు వెయ్యాలని బయటికి వచ్చేశాను.

నీ మీద కోపం పోలేదు. పోయిందని అబద్ధం రాయను.

నెల్డా


డేటన్
17 నవంబరు 1984

నెల్డాకి,

కాలు మానుతోంది. కింది వాటా కాబట్టి మెట్ల బాధ లేదు, కర్ర పట్టుకుని వసారా దాకా నడుస్తోంది. ఇది కాలు సంగతి. ఇక మనిషి సంగతి రాస్తాను, ఓపిగ్గా చదువు, ఎందుకంటే మూడు నెలలుగా నేను ఓపిగ్గా వింటున్నాను.

మొదటి రోజు కట్టు విప్పగానే "నెల్డా ఇలా విప్పదు" అంది. దూది పెడితే "నెల్డా ఇంకొంచెం పెడుతుంది" అంది. ఇరవై ఏళ్ళ నుంచీ కట్లు కడుతున్నాను అంటే, "అవునులే, కానీ దానికి చదువుంది కదా" అంది. నా ఇంట్లో కూర్చుని, నేను ఇచ్చిన కాఫీ తాగుతూ.

పై వాటా రేడియో వాళ్ళని పిలిచి కూర్చోబెట్టి చెప్పింది: "మా చిన్నది కొండ దాటి పోయి చదువుతోంది. పొద్దున్నే లేచి ఎముకల పేర్లన్నీ పాటలా పాడుతుంది. నేను మంచం మీంచే వింటూ నేర్చేసుకున్నాను." నిజంగానే మోచేతి ఎముక పేరు చెప్పింది. వాళ్ళు చప్పట్లు కొట్టారు. "నా కాలు నిలబెట్టింది అదే. నేను కొట్టినా వదల్లేదు. మొండిది, నాకులాగా" అని కూడా అంది. అది చెబుతున్నప్పుడు మొహం చూడాల్సింది.

అన్నిటికంటే నన్ను కాల్చేది భోజనం ముందు ప్రార్థన. ప్రతి పూటా నీ పేరు, గార్లండ్ పేరు, పిల్లల పేర్లు, ఆఖరికి ఓమా పేరు కూడా దేవుడికి అప్పజెబుతుంది. నా పేరు లేదు. బంగాళాదుంపలు చెక్కు తీసింది నేను, ఎదురుగా కూర్చున్నది నేను, నా పళ్ళెం మీంచి నీ పేరు వెళ్తోంది.

ఇవి నీకు రాయకూడదని మూడు నెలలు పంతం పట్టాను. మొన్న అద్దంలో నా మొహం చూసుకుంటే మే నెలలో ఆ ఫోను పెట్టేసి, నీకు చెప్పకుండా దాచుకున్న మొహంలాగే కనిపించింది. అందుకని రాస్తున్నాను. సంతోషించు.

ఆర్డిత్


సోర్‌వుడ్ లోయ
9 డిసెంబరు 1984

అక్కా,

నీ ఉత్తరం ట్రక్కులో కూర్చుని చదివాను, అద్దాలకి ఆవిరి పట్టేదాకా. మొండిది, నాకులాగా, అందా? ఆ మాటే అందా, నువ్వు కలిపావా? నువ్వు కలిపే రకం కాదులే. నా గురించైతే అసలే కలపవు.

నాతో ఒక్కసారి అనలేదు. ఆ ఎముకల పాట విని "పొద్దున్నే ఏంటే ఆ గోల" అనేది.

ప్రార్థన సంగతి రాశావు. ఇప్పుడు నా వంతు, విను. నువ్వు బస్సెక్కి ఒహాయో వెళ్ళిన రోజు నుంచీ ఈ ఇంట్లో ప్రతి పూటా "ప్రభువా, పరాయి ఊళ్ళో ఉన్న నా ఆర్డిత్‌ని కాపాడు, దాని చేతులు మంచివి" అనే మొదలయ్యేది. ఇరవై ఏళ్ళు. నా పెళ్ళినాటి భోజనానికి కూడా. నేను బీన్స్ గిన్నె పట్టుకుని, చేతులు కాలుతూ, ఆమెన్ కోసం ఎదురు చూసేదాన్ని. నా పేరు ఒక్కనాడూ లేదు. దాని చేతులు మంచివి అనే మాట నీకు ఎన్నోసార్లు రాయగలిగేదాన్ని. నాకెందుకు, నీకు ఇంకా గర్వం పెరుగుతుంది అనుకునేదాన్ని. నీకు తెలీదు కదా? తెలిస్తే నా పేరు విని అంత కాలిపోయేదానివి కాదు.

ఇంకో సంగతి. మే నెలలో మాకు పిన్ను పెట్టే వేడుక ఉంది. చదువు పూర్తయినవాళ్ళని ఒక్కొక్కర్నీ వేదిక మీదికి పిలుస్తారు, మనం ఎంచుకున్న మనిషి వచ్చి కాలేజీ బ్యాడ్జి పిన్ను గుండె మీద పెట్టాలి. చేరిన రోజు నుంచీ అది నువ్వే అనుకున్నాను. జూలైలో నీ పేరు మనసులో కొట్టేశాను. పోయిన వారం అత్తయ్య పేరు ఇచ్చేశాను. ఇప్పుడు కోపం కాస్త తగ్గింది, అయినా మార్చను. రెండేళ్ళు నా పిల్లల ముడ్డి కడిగి, నా పరీక్షకి కాళ్ళు చాచి, చర్చిలో నా వల్ల అందరి ముందూ తలొంచుకున్న మనిషి. నువ్వు మండిపడతావు, అమ్మ మండిపడుతుంది. పడండి. ఇద్దరూ రండి.

నెల్డా


డేటన్
19 మే 1985

నెల్డాకి,

క్షేమంగా చేరాం. నిన్న ఆ హాల్లో జనంలో నీతో సరిగా మాట్లాడనే లేదు. తెల్ల బట్టల్లో బాగున్నావు. అంత బాగుంటావనుకోలేదు.

ఓమా వేదిక ఎక్కుతుంటే అమ్మ నా చెయ్యి పట్టుకుంది. ప్రేమతో కాదు, గోళ్ళు దిగాయి. నాకూ ఆ సమయానికి ఏదో ఒకటి పట్టుకోవాలనే ఉంది కాబట్టి ఊరుకున్నాను. ఆవిడ పిన్ను పెట్టి, నీ బుగ్గ మీద కొట్టి, జనం వైపు తిరిగి చెయ్యి ఊపింది, ఎన్నికల్లో గెలిచినట్టు.

కారులో నది దాటుతున్నాం. వంతెన దిగగానే అమ్మ అంది:

"ఓమా ఆ పిన్ను వంకరగా పెట్టింది."

"నేనూ చూశానమ్మా."

"నువ్వయితే తిన్నగా పెట్టేదానివి."

"పెట్టేదాన్ని."

"మీ అత్తగారు వేసుకున్న టోపీ చూశావా అని నెల్డాని అడగాలి. కోడిపెట్ట గుడ్డు మీద కూర్చున్నట్టు ఉంది."

ఇక చూడు, ఇల్లు చేరేదాకా ఇద్దరం ఓమాని ఆడిపోసుకుంటూనే వచ్చాం. అమ్మా, నేనూ ఇంత హాయిగా మాట్లాడుకుని ఎన్నేళ్ళయిందో.

రాత్రి భోజనం దగ్గర "రిజిస్టర్డ్ నర్సు అయిన నా నెల్డాని" అని మొదలుపెట్టింది, దేవుడు ఇంకో నెల్డాతో పొరబడతాడేమో అన్నట్టు. "బోర్డు పరీక్ష జూలైలో కదమ్మా, ఇంకా అవలేదు" అన్నాను. "ఆయనకి తెలుసులే" అంది. నా కడుపు మండింది. మండుతూనే ఆమెన్ అన్నాను, గట్టిగానే అన్నాను.

ఈ ఏడు మళ్ళీ నా పేరు వేశాను, చీటీలు ఆగస్టులో తీస్తారు. నీ పుస్తకాలు ఎవరికీ ఇచ్చెయ్యకు.

అమ్మ కాలు పూర్తిగా మానింది. నువ్వు పరీక్ష రాసిన మర్నాడే వచ్చి తీసుకెళ్ళు. నేను బాగా చూసుకోలేక కాదు. దగ్గరున్నదాన్ని దేవుడికి చెప్పడం అమ్మకి అలవాటు లేదు. ఏడాది నుంచీ నీ పేరే వెళ్తోంది. ఇక నేను దూరంగా ఉంటాను, నువ్వు బీన్స్ గిన్నె పట్టుకుని నిలబడు. అమ్మ నా గురించి ఏమందో ప్రతి వారం రాయి. ఒక్క మాట కూడా దాచుకోకు.

మీ అక్క
ఆర్డిత్